రాజ్‌దూత్ 350 హెచ్‌టీ, ఎల్‌టీ, ఆర్‌ఎక్స్ 100: పాత యమహా కొనేవారు దేన్ని ఎంచుకోవాలి?

పాత టూ స్ట్రోక్ యమహా కొనాలనుకునేవారి ముందు మన దగ్గర ప్రధానంగా నాలుగు దారులున్నాయి. ఎస్కార్ట్స్ సంస్థ ఫరీదాబాద్‌లో తయారుచేసిన రాజ్‌దూత్ 350లో మొదటి రకమైన హెచ్‌టీ, తర్వాతి రకమైన ఎల్‌టీ, అందరూ ఎరిగిన ఆర్‌ఎక్స్ 100, దాని తర్వాత వచ్చిన ఆర్‌ఎక్స్ 135. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వారానికి రెండు మూడు సార్లైనా బండి బయటికి తీసి తిరగాలనుకునేవారు ఆర్‌ఎక్స్‌లలో ఒకటి తీసుకోండి. జంట సిలిండర్ల మీదే మనసుంటే కాగితాలు సరిగ్గా ఉన్న ఎల్‌టీని వెతకండి. హెచ్‌టీ మాత్రం ఆ ఇంజిన్‌ను విప్పి బిగించగల మెకానిక్ ఇప్పటికే మీకు పరిచయమై ఉంటేనే. ఏది కొన్నా మీరు ధర కట్టవలసింది క్రాంక్ షాఫ్ట్‌కు, ఆర్‌సీకి. మార్కెట్లో ధర పలుకుతున్నది మాత్రం పెయింటును, క్రోమ్ మెరుపును బట్టి. చాలామంది నష్టపోతున్నది ఇక్కడే.

ఎందుకు ఇలా అంటున్నానో తెలియాలంటే రాజ్‌దూత్ 350కి మూలమైన యమహా ఆర్‌డీ అసలు ఎలా పుట్టిందో చూడాలి.

జపాన్‌లోని ఇవాటా కేంద్రంగా పనిచేసే యమహా 1970లో ఆర్5 అనే 350 సీసీ జంట సిలిండర్ల టూ స్ట్రోక్ బైకును తెచ్చింది. రోడ్డు మీద తిరిగే ఆ ఇంజిన్ కేసుల ఆధారంగానే టీఆర్3 అనే రేసు బండి తయారైంది. 1972లో అమెరికాలోని డేటోనా 200 రేసును డాన్ ఎమ్డే గెలిచింది ఆ టీఆర్3 మీదనే. తనకు రెట్టింపు సైజున్న ఇంజిన్లు బరిలో ఉండగా 350 సీసీ బండి గెలవడం అప్పట్లో పెద్ద సంచలనం. ఆ ఏడాది నుంచి 1984 వరకు ఒక్క ఏడాది కూడా తప్పకుండా డేటోనా 200ను యమహా బైకులే గెలిచాయి. ఆర్‌డీ పేరు వింటే పాతతరం వాళ్ల కళ్లలో ఇప్పటికీ ఒక మెరుపు కనిపించడానికి ఈ చరిత్ర ఒక కారణం.

ఆర్5కు మెరుగులు దిద్ది 1973లో ఆర్‌డీ 350ని విడుదల చేశారు. సిలిండర్ బోరు 64 మిల్లీమీటర్లు, స్ట్రోకు 54 మిల్లీమీటర్లు, మొత్తం 347 సీసీ. అయిదు గేర్లు ఆరయ్యాయి. ముందు చక్రానికి డిస్క్ బ్రేకు వచ్చింది. కానీ అసలు మార్పు ఇన్‌టేక్ దగ్గర జరిగింది. టూ స్ట్రోక్ ఇంజిన్లో ఫోర్ స్ట్రోక్‌లో ఉండే వాల్వులు ఉండవు. సిలిండర్ గోడలోని రంధ్రాలను, అంటే పోర్టులను, పిస్టనే మూస్తూ తెరుస్తూ ఉంటుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. పోర్టును పెద్దది చేస్తే పైస్పీడులో శక్తి పెరుగుతుంది గానీ, కింది స్పీడులో లోపలికి వెళ్లిన మిశ్రమం తిరిగి కార్బురేటర్ వైపు ఎగదన్నుతుంది. దీనికి యమహా చెప్పిన సమాధానం రీడ్ వాల్వు. కార్బురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య పలుచని స్టీలు రేకులు పెట్టారు. లోపల పీడనం తగ్గినప్పుడు అవి తెరుచుకుంటాయి, పెరగగానే మూసుకుంటాయి. వెనక్కి తన్నే దారి లేకపోవడంతో పోర్టులను ధైర్యంగా పెంచే వీలు దొరికింది. ఒక్కో సిలిండర్‌కు ఆర్5లో అయిదు పోర్టులుంటే ఆర్‌డీలో ఏడయ్యాయి. ఫలితంగా 7,500 ఆర్‌పీఎం దగ్గర 39 బీహెచ్‌పీ. 1973లో 350 సీసీ గాలి చల్లార్పు ఇంజిన్‌కు అది అసాధారణమైన అంకె.

ఈ బండే, 1975 నాటి ఆర్‌డీ 350బీ రూపంలో, 1983లో రాజ్‌దూత్ 350గా మన దేశానికి వచ్చింది. అప్పటికి యమహా విదేశాల్లో నీటితో చల్లారే ఎల్‌సీ దాటి, పవర్ వాల్వు ఉన్న మోడల్‌కు చేరింది. మనకు వచ్చింది రెండు తరాల వెనకటి బండి. అయినా ఆనాటి మన రోడ్ల మీద దాని పక్కన నిలబడగలిగిన బైకు ఇంకొకటి లేదు. బుల్లెట్, యజ్డీ, జావా తప్ప పెద్ద బండి ఎరుగని దేశంలో ఆరు గేర్ల జంట సిలిండర్ బైకును తెచ్చి పెట్టారు. పెట్రోలు లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అని లెక్క చూసుకుని బండి కొనే రోజుల్లో అది వ్యాపారపరంగా నిలవలేదు. 1989తో తయారీ ఆగిపోయింది. నిలవకపోవడం వల్లే ఈ రోజు అంత అరుదు, అంత ధర.

హెచ్‌టీనా, ఎల్‌టీనా

ఎస్కార్ట్స్ తన అవసరాలకు తగ్గట్టు ఆర్‌డీ ఇంజిన్ జోరు తగ్గించింది. మొదటి రకం 6,750 ఆర్‌పీఎం దగ్గర 30.5 బీహెచ్‌పీ ఇచ్చేది. దీన్నే హై టార్క్, పొట్టిగా హెచ్‌టీ అంటున్నాం. మైలేజీ మీద ఫిర్యాదులు పెరగడంతో 1985 నుంచి పోర్టుల ఎత్తు మార్చి, సైలెన్సర్లలో దారి ఇరుకు చేసి 27 బీహెచ్‌పీకి దించారు. అది లో టార్క్, ఎల్‌టీ. హెచ్‌టీలో జపాన్ నుంచి వచ్చిన భాగాలు ఎక్కువ, ఎల్‌టీకి వచ్చేసరికి దేశీయ భాగాలు పెరిగాయి. హెచ్‌టీకి ఉన్న ఆకర్షణలో సగం ఆ జపాన్ భాగాలదే.

కాగితం మీద తేడా 3.5 బీహెచ్‌పీ. కానీ నడిపినప్పుడు తెలిసేది ఈ అంకె కాదు, శక్తి వచ్చే తీరు. హెచ్‌టీ సుమారు 5,000 ఆర్‌పీఎం వరకు మామూలుగా వెళుతూ, అది దాటగానే ఒక్కసారిగా గొంతు మార్చుకుని ముందుకు లాగుతుంది. మొదటి గేరులో ముందు చక్రం తేలికవుతున్నట్టు చేతులకు తెలుస్తుంది. ఎల్‌టీలోనూ ఆ లాగు ఉంది గానీ దాని అంచు మెత్తబడింది. టార్క్ కింది నుంచే కాస్త సమంగా అందుతుంది, పైన ముందే నీరసిస్తుంది. నగరంలో నడపడానికి నిజానికి ఎల్‌టీయే నయం. పెట్రోలు విషయంలో హెచ్‌టీ లీటరుకు పాతిక కిలోమీటర్లు కూడా ఇవ్వదనే అనుకోండి. ఎల్‌టీ కొంత మెరుగు, అంతకంటే ఎక్కువ ఆశించకండి.

ఇంత చెప్పాక కూడా చాలామంది ఎల్‌టీని చిన్నచూపు చూస్తారు. నాకు ఇది అన్యాయంగా తోస్తుంది. రెండింటి క్రాంక్ కేసు, గేర్ బాక్సు, ఛాసిస్, బ్రేకులు ఒకే వంశానివి. నలభై ఏళ్ల కిందటి హెచ్‌టీ సిలిండర్లు అరిగిపోయి ఇప్పటికి ఎన్నిసార్లు బోరింగ్ అయ్యాయో, అంటే లోపల తొలిపించుకున్నాయో, పోర్టులను ఎవరు ఎలా అరగదీశారో ఎవరికి తెలుసు? పుట్టినప్పటి 30.5 బీహెచ్‌పీ ఇప్పుడు దాని దగ్గర ఉందని హామీ ఏమీ లేదు. చక్కగా చూసుకున్న ఎల్‌టీ, అలిసిపోయిన హెచ్‌టీని రోడ్డు మీద సులువుగా వెనక్కి నెడుతుంది. పైగా హెచ్‌టీ అని అమ్మేవన్నీ హెచ్‌టీలు కావు. స్టిక్కర్లు, సైలెన్సర్లు మార్చడం ఎంత పని? ఆర్‌సీలో తయారీ సంవత్సరం 1987 అని ఉండగా అమ్మే మనిషి హెచ్‌టీ అంటుంటే, ఆ బండి ఫ్యాక్టరీ నుంచి అలా రాలేదని నమ్మవచ్చు. తర్వాత ఎవరో హెచ్‌టీ బ్యారెల్స్, అంటే సిలిండర్లు, వేయించి ఉండవచ్చు, అది తప్పేమీ కాదు. కానీ దానికి అసలు హెచ్‌టీ ధర కట్టకండి.

రెండింటిలోనూ ఎస్కార్ట్స్ చేసిన ఒక మార్పును నేను ఇప్పటికీ క్షమించలేను. ముందు డిస్క్ బ్రేకు తీసేసి డ్రమ్ పెట్టారు. ట్విన్ లీడింగ్ షూ రకం కనుక మామూలు డ్రమ్‌లా మరీ బలహీనం కాదు. లోపలి రెండు షూలూ చక్రం తిరిగే దిశలోనే పట్టుకుంటాయి కాబట్టి మొదటి పట్టు గట్టిగానే ఉంటుంది. అయితే వరసగా నాలుగైదు సార్లు వేగం నుంచి బలంగా ఆపితే డ్రమ్ వేడెక్కి పట్టు జారిపోతుంది. ఈ బండిని దాని వేగానికి తగ్గట్టు ఆపలేమన్న సంగతి కొన్న మొదటి రోజు నుంచే మనసులో ఉంచుకుని నడపాలి. రెండు షూలూ ఒకేసారి తాకేలా మధ్యలోని లింకు రాడ్డును సరిచేయించడం ఖర్చు లేని పని. చాలా బళ్లలో అది తప్పుగానే ఉంటుంది.

ఆర్‌ఎక్స్ 100 గొప్ప ఎక్కడుంది

1985 చివర్లో వచ్చి 1996 వరకు తయారైన ఈ చిన్న బండి గురించి తెలుగునాట కొత్తగా చెప్పేదేముంటుంది అనిపించవచ్చు. ఒక లెక్క చూడండి. 98 సీసీకి 11 బీహెచ్‌పీ. లీటరు ఇంజిన్ పరిమాణానికి లెక్కగడితే 112 బీహెచ్‌పీ. ఇప్పుడు 1973 నాటి జపాన్ ఆర్‌డీ 350కి అదే లెక్క కట్టండి: 347 సీసీకి 39, అంటే లీటరుకు మళ్లీ 112. మన రాజ్‌దూత్ హెచ్‌టీ అయితే 88 దగ్గర ఆగిపోతుంది. అంటే జపాన్ ఇంజనీర్లు ఆర్‌డీకి ఇచ్చిన పదును మన దేశంలో అమ్మిన బళ్లలో కనిపించేది పెద్ద రాజ్‌దూత్‌లో కాదు, ఈ చిన్న ఆర్‌ఎక్స్‌లో. ఆనాటి వంద సీసీ బైకుల్లో దీనికి అంత పేరు ఊరికే రాలేదు.

రెండో రహస్యం బరువు. పెట్రోలు, ఆయిల్‌తో కలిపి 103 కిలోలు. బోరు 50, స్ట్రోకు 50 మిల్లీమీటర్లు. నాలుగే గేర్లు. గేర్లు తక్కువైనా లోటు తెలియదు, ఎందుకంటే రీడ్ వాల్వు వల్ల ఇంజిన్ కింది స్పీడులోనే లాగడం మొదలుపెడుతుంది. తరచూ గేర్లు మార్చే పని పడదు. నిలబడిన చోటి నుంచి సిగ్నల్ దాటే దాకా ఇప్పటి నూటపాతిక సీసీ బళ్లతో కూడా అది సిగ్గుపడదు. డెబ్బై, ఎనభై కిలోమీటర్ల వేగం దాటాక మాత్రం సత్తా అయిపోతుంది. హైవే మీద గంటల తరబడి పరుగెత్తించడానికి పుట్టిన బండి కాదు.

ఎంపికకు ఎక్కువ పనికొచ్చే తేడా ఇగ్నిషన్ దగ్గర ఉంది. ఆర్‌ఎక్స్‌లో సీడీఐ అనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంటుంది, కరెంటు ఇంజిన్‌తోపాటు తిరిగే మాగ్నెటో నుంచే వస్తుంది. బ్యాటరీ చచ్చిపోయినా కిక్కు కొడితే స్టార్టవుతుంది. ఆర్‌డీలో, అంటే మన రాజ్‌దూత్ 350లో, రెండు సిలిండర్లకు రెండు జతల పాయింట్లు (నిప్పురవ్వ ఎప్పుడు పడాలో నిర్ణయించే చిన్న స్విచ్‌లు), బ్యాటరీ మీద ఆధారపడ్డ కాయిల్స్. బ్యాటరీ నీరసిస్తే బండి కదలదు. పాయింట్ల గ్యాపు మారితే టైమింగు మారుతుంది, అదీ ఒక్కో సిలిండర్‌కు వేర్వేరుగా. నెలకోసారి బయటికి తీసే బండికి ఇది తీసిన ప్రతిసారీ చికాకే. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్లు దొరుకుతాయి. ఆర్‌డీ కొంటే నేనైతే ముందు అదే వేయిస్తాను. అసలు రూపం చెడుతుందనే వాదన నాకు ఇక్కడ ఒప్పుదల కాదు. పాయింట్లు పెట్టెలో దాచుకోండి, ఎప్పుడైనా తిరిగి బిగించుకోవచ్చు.

కార్బురేటర్ల సంగతీ అంతే. ఆర్‌ఎక్స్‌కు ఒకటే. ఆర్‌డీలో థ్రాటిల్ కేబుల్ మధ్యలో చీలి రెండు కార్బురేటర్లకూ, ఆయిల్ పంపుకూ వెళుతుంది. ఎయిర్ ఫిల్టర్ రబ్బర్లు తీసి, రెండు కార్బురేటర్ల నోళ్లలో రెండు వేళ్లు పెట్టి, వేరొకరిని థ్రాటిల్ మెల్లగా తిప్పమనండి. రెండు స్లైడులూ ఒకే క్షణంలో కదలడం వేళ్లకు తెలియాలి. ఒకటి ముందు, ఒకటి వెనక లేస్తుంటే ఒక సిలిండర్ రెండోదాన్ని మోస్తోందని అర్థం. ఆ బండిని ఎవరూ కొంతకాలంగా శ్రద్ధగా చూడలేదని కూడా.

ఆర్‌ఎక్స్ 135 గురించి క్లుప్తంగా. 1996లో కాలుష్య నిబంధనలు మారి ఆర్‌ఎక్స్ 100 ఆగిపోయాక వచ్చిన 132 సీసీ బండి ఇది. అయిదు గేర్ల రకం 14 బీహెచ్‌పీ ఇస్తుంది. హైవే మీద నూరు సీసీ బండి కంటే చాలా హాయిగా వెళుతుంది, వయసులోనూ చిన్నది. పాత బండి నడిపే ఆనందమే కావాలి, పేరు ముఖ్యం కాదు అనుకునేవారికి నేను మొదట చూపించేది దీన్నే. కాకపోతే అయిదు గేర్ల బాక్సు భాగాలు నాలుగు గేర్ల వాటంత సులువుగా దొరకవు.

సుజుకి షోగన్ గురించి కూడా కొందరు అడుగుతుంటారు. 108 సీసీకి 14 బీహెచ్‌పీ, ఆ కాలానికి నిప్పురవ్వ లాంటి ఇంజిన్. నాకు ఎంతో ఇష్టం. అయినా విడిభాగాలు దొరక్క మూలనపడే ప్రమాదం ఎక్కువ కనుక మొదటి పాత బండిగా దాన్ని సిఫారసు చేయను.

కొనేముందు ఏం చూడాలి

టూ స్ట్రోక్‌లో గాలి, పెట్రోలు, ఆయిల్ మిశ్రమం ముందు క్రాంక్ కేసులోకి వెళ్లి, అక్కడ నొక్కుకుని, తర్వాత పైకి సిలిండర్‌లోకి ఎక్కుతుంది. కాబట్టి క్రాంక్ కేసుకు ఎక్కడా గాలి లీకు ఉండకూడదు. క్రాంక్ రెండు చివర్లా ఉండే రబ్బరు ఆయిల్ సీళ్లే ఈ పని చేస్తాయి. ఏళ్ల తరబడి వాడక పక్కన పెట్టిన బండిలో అవి ఎండి బిగుసుకుపోతాయి. రెండు వైపులా జబ్బు లక్షణాలు వేరు. ఈ యమహాలలో క్లచ్ కుడి పక్కన ఉంటుంది. అటు సీలు పోతే ఇంజిన్ గేర్ ఆయిల్‌ను పీల్చి కాలుస్తుంది. వేడెక్కాక కూడా తెల్లటి పొగ దట్టంగా ఆగకుండా వస్తుంది, గేర్ ఆయిల్ మట్టం తగ్గిపోతుంటుంది. ఎడమ పక్క మాగ్నెటో వైపు సీలు పోవడం ఇంతకంటే ప్రమాదం. అక్కడ గాలి లోపలికి దూరి మిశ్రమం పలచబడుతుంది. థ్రాటిల్ వదిలినా ఇంజిన్ వేగం వెంటనే దిగదు, కాసేపు అలా పైనే తిరుగుతూ ఉంటుంది. అమ్మేవాళ్లు దీన్ని చూపించి ఇంజిన్ ఎంత ఫ్రీగా ఉందో చూడండి అంటారు. అది పిస్టన్ సీజ్ కావడానికి ముందు కనిపించే లక్షణం.

మాగ్నెటో కవరు తీయడానికి అమ్మే మనిషి ఒప్పుకుంటే సగం నిజం అక్కడే బయటపడుతుంది. లోపలున్న మాగ్నెటో చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. కాస్తయినా ఆట కనిపిస్తే మెయిన్ బేరింగులు అరిగాయి. ఆ పైన ప్లగ్గు తీసి, పిస్టన్ పైకొనకు వచ్చేలా తిప్పి, చక్రాన్ని రెండు వైపులా కొద్దిగా కదపండి. కింది నుంచి ఠక్‌మనే చిన్న దెబ్బ చేతికి తగిలితే కనెక్టింగ్ రాడ్డు కింది కొన బేరింగు, అంటే బిగ్ ఎండ్, పని అయిపోవచ్చింది.

ఈ రెండింటిలో ఏది తేలినా ఆర్‌ఎక్స్‌కు పెద్ద కష్టం కాదు. క్రాంక్ విప్పి కొత్త రాడ్డు, బేరింగులు వేసి ప్రెస్ చేసే లేత్ షాపులు జిల్లా కేంద్రాల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆర్‌డీ క్రాంక్ అలా కాదు. జంట సిలిండర్లకు ఒకే పొడవాటి క్రాంక్, నాలుగు మెయిన్ బేరింగులు, నడుమ రెండు క్రాంక్ కేసులను వేరుచేసే సీలు. అన్నిటినీ ప్రెస్‌తో కూర్చి, డయల్ గేజ్ పెట్టి మిల్లీమీటరులో నూరోవంతు లెక్కన వంకర సరిచేయాలి. సుత్తి దెబ్బలతో అంచనా మీద చేస్తే కొత్త బేరింగులు కొన్నాళ్లకే మోత మొదలుపెడతాయి. ఈ పని చేతకాని చోట ఆర్‌డీ ఇంజిన్ విప్పించడం కంటే విప్పకుండా ఉంచడమే నయం. అందుకే ముందు మెకానిక్, తర్వాతే ఆర్‌డీ అంటున్నాను.

బోరింగ్ ఎంతవరకు వచ్చిందో అడగండి. పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల ఓవర్‌సైజుల్లో వస్తాయి. చివరి సైజుకు చేరిన సిలిండర్‌కు తర్వాత మిగిలేది కొత్త స్లీవు. హెడ్డు విప్పితే పిస్టన్ తల మీద సైజు అంకె చాలాసార్లు కనిపిస్తుంది. ఆర్‌ఎక్స్ 100లో ఇంకో సంగతి కూడా గమనించాలి. చాలా బళ్లకు 135 బ్యారెల్ వేసి ఉంటారు. నడపడానికి హుషారుగానే ఉంటుంది. కానీ ఆర్‌సీలో ఉన్న సీసీకి, ఇంజిన్‌లో ఉన్న సీసీకి పొంతన ఉండదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు. రేపు ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొదట వెతికేది ఇలాంటి లొసుగులనే.

ఆయిల్ పంపు ఉందో లేదో చూడటం మరచిపోవద్దు. యమహా ఆటోల్యూబ్ పంపు ఇంజిన్ వేగాన్నీ థ్రాటిల్‌నూ రెండింటినీ చూసి ఆయిల్ అందిస్తుంది. మన దగ్గర ఎందరో మెకానిక్‌లు పంపు పీకేసి, పెట్రోలులోనే ఆయిల్ కలుపుకోమంటారు. లీటరుకు 20 మిల్లీలీటర్లు కలిపితే 50కి 1 పాళ్లు అవుతుంది. ఊళ్లో తిరగడానికి అది సరిపోతుంది. కానీ అరకు ఘాట్ లాంటి చోట థ్రాటిల్ మూసి గేరులో దిగుతూ పోతే ఇంజిన్ వేగంగా తిరుగుతుంటుంది, పెట్రోలు రాదు గనుక దానితోపాటు రావలసిన ఆయిలూ రాదు. పంపు ఉంటే ఇంజిన్ తిరిగినంతసేపూ కొద్దిగానైనా ఆయిల్ పడుతూనే ఉంటుంది. పంపు తీసేసిన బండిని కొంటే ధరలో ఆ మేరకు తగ్గించమనండి, కొన్నాక మళ్లీ బిగించుకోండి.

ఇప్పటి పెట్రోలుతో వచ్చే సమస్య ఆనాటి ఏ మాన్యువల్లోనూ ఉండదు. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ మండటానికి పెట్రోలు కంటే తక్కువ గాలి చాలు. అంటే కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే పాత జెట్టులతోనే నడిపితే ఇంజిన్‌కు మిశ్రమం పలచగా అందుతుంది, వేడి పెరుగుతుంది. గాలితో చల్లారే టూ స్ట్రోక్‌కు రెంటచింతల, రామగుండం ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. మెయిన్ జెట్టును ఒకటి రెండు సైజులు పెంచి, ప్లగ్గు రంగు చూసుకుంటూ సరిచేయించాలి. తెల్లగా కాలిన ప్లగ్గు ప్రమాద సూచన, లేత కాఫీపొడి రంగు సరైనది. పాత రబ్బరు పైపులు, ఓ రింగులు ఇథనాల్‌కు ఉబ్బి చెడతాయి కాబట్టి కొన్న వెంటనే కొత్తవి వేయించండి. బండిని నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు కార్బురేటర్ ఖాళీ చేయండి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ నీరు అడుగున చేరి ట్యాంకును లోపలి నుంచి తినేస్తుంది. ఆర్‌డీ ట్యాంకు తుప్పు పట్టి చిల్లులు పడితే ఇంకొకటి సంపాదించడం ఎంత కష్టమో ఆ బండి ఉన్నవాళ్లను అడగండి.

కాగితాలు

మంచి స్థితిలో ఉన్న ఆర్‌ఎక్స్ 100కు లక్ష దాటి అడగడం ఇప్పుడు మామూలైంది. ఆర్‌డీల ధర అంతకు ఎన్నో రెట్లు. ఇంత డబ్బు పోసేటప్పుడు మొదట చూడవలసింది ఇంజిన్, ఛాసిస్ నంబర్లు. రెండింటినీ ఆర్‌సీతో అంకె అంకె పోల్చండి. గ్రైండర్‌తో అరగదీసి మళ్లీ కొట్టిన అంకెలు ఎగుడుదిగుడుగా, లోతు తేడాతో కనిపిస్తాయి. పక్కనున్న లోహం అసహజంగా నున్నగా ఉంటుంది. ఒక చిన్న టార్చిలైటు పక్కవాటంగా వేస్తే దాగదు. అనుమానం వస్తే ఎంత అందమైన బండి అయినా వదిలేయండి.

పదిహేనేళ్లు నిండిన సొంత వాహనానికి ఫిట్‌నెస్ చూసి అయిదేళ్ల చొప్పున రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు, గ్రీన్ ట్యాక్సు కట్టాలి. ఈ బళ్లలో కొన్నింటికి మూడక్షరాల పాత నంబర్లుంటాయి. ఆ రికార్డులు రవాణా శాఖ కంప్యూటర్లలోకి ఎక్కి ఉన్నాయో లేదో కొనకముందే ఆన్‌లైన్‌లో చూడండి. ఎక్కకపోతే ఆ పనిని అమ్మే యజమానే, తన పేరు మీద ఉండగానే, పూర్తిచేయాలి. బండి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరై మీరు తెలంగాణలో ఉంటే, లేదా అటుదిటైతే, ఎన్‌ఓసీ కూడా కావాలి. పాత యజమాని చనిపోయాడనో, చిరునామా తెలియదనో అంటే ఆ బేరం అక్కడితో ఆపేయండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చని కొందరు అమ్మకందార్లు ఆశ పెడతారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఆ అర్హత యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బళ్లకే. మొదటి రాజ్‌దూత్ 350కి అది 2033లో గానీ రాదు. ఆర్‌ఎక్స్‌కు ఇంకా ఆలస్యం. ఆ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని రోజూ రోడ్డు మీద తిప్పడానికీ వీలుండదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. అమెరికాలో ఉంటే రాజ్‌దూత్ కోసం ఇక్కడికి ఫోన్లు చేయనక్కర్లేదు. డిస్క్ బ్రేకున్న అసలు ఆర్‌డీ 350, 39 బీహెచ్‌పీతో అక్కడే దొరుకుతుంది, విడిభాగాల వ్యాపారం కూడా చురుగ్గా ఉంది. బ్రిటన్‌లో, యూరప్‌లో ఉంటే నేను 1980లో వచ్చిన ఆర్‌డీ 350 ఎల్‌సీని చూడమంటాను. నీటి చల్లార్పు, వెనక ఒకే షాక్ అబ్జార్బర్, 47 బీహెచ్‌పీ. అది అమెరికాలో అమ్మలేదు, అక్కడ దాని వంశంలో వెళ్లింది ఆర్‌జెడ్ 350. మీరు సెలవులకు వచ్చేటప్పుడు ఇక్కడి ఆర్‌డీ మిత్రుడికి ఏం తేవాలని అడిగితే, సూట్‌కేసులో పట్టేవి చాలానే ఉన్నాయి: క్రాంక్ సీళ్లు, రీడ్ రేకులు, పిస్టన్ రింగులు. బోరు, స్ట్రోకు ఒకటే కనుక వాటిలో చాలావరకు ఇక్కడి బండికి సరిపోతాయి. పార్ట్ నంబరు మాత్రం ముందే అడిగి తెలుసుకోండి.

బండి చూడటానికి వెళ్లే రోజు అమ్మే మనిషికి ముందే ఒక మాట చెప్పండి: నేను వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దు అని. వెళ్లగానే సిలిండర్ రెక్కల మీద చెయ్యి వేసి చూడండి. చల్లగా ఉంటే చోక్ లాగి కిక్కు కొట్టండి. ఆర్‌ఎక్స్ రెండు మూడు కిక్కుల్లో, ఆర్‌డీ కొంచెం ఓపిక పడితే లేవాలి. ముందు కాస్త నీలి పొగ వచ్చి వేడెక్కాక తగ్గాలి. వెచ్చగా ఉంటే ఆ రోజుకు తిరిగి వచ్చేసి, ఇంకో పొద్దున్నే వెళ్లండి.